ఫొటోలకి అద్దె అడిగితే తప్పేంటి?

ఫొటోలు దాచినందుకు డబ్బు అడిగే కంపెనీల మీద నాకు కోపం లేదు. ఈ మాట పైకి అంటే మా బంధువుల్లో సగం మంది నన్ను ఆ కంపెనీల ఏజెంటుని చూసినట్టు చూస్తారు. "ఇన్నాళ్ళూ ఫ్రీగా ఇచ్చి ఇప్పుడు డబ్బులడగడమేంటి, మోసం కాదూ?" అని ఒక పక్షం. "ఊరికే ఏదీ రాదు, నెలకి నూట ముప్పై రూపాయలు పెట్టలేరా? కాఫీ ఖరీదు కూడా కాదు" అని ఇంకో పక్షం. రెండో పక్షంలో ఎక్కువగా మా సాఫ్ట్‌వేర్ బంధువులుంటారు. వాళ్ళు తాగే కాఫీ ఖరీదెంతో మా ఊళ్ళో టీకొట్టు వాడికి చెబితే నమ్మడు, అది వేరే సంగతి. రెండు పక్షాలూ కొట్టుకునేది ధర గురించే. నేను అడిగేది ఆ ధర మనకి ఎప్పుడు చెప్పారని, చెప్పేనాటికి మన ఫొటోలు తీసుకుని బయటికి వెళ్ళే దారి మిగిలిందా అని.

అసలు ఫొటో అనేది ఉచితం అన్న ఆలోచనే మన ఇళ్ళల్లో కొత్తది. రీలు కొనేవాళ్ళం. ముప్పై ఆరు ఫొటోలూ లెక్కపెట్టుకుంటూ తీసేవాళ్ళం. స్టూడియోకి వెళ్ళి కడిగించి, ప్రింటుకి ఇంత అని ఇచ్చి తెచ్చుకునేవాళ్ళం. కళ్ళు మూసుకుపోయిన ఫొటోకి కూడా డబ్బులయ్యేవి. పెళ్ళిళ్ళకి ఇప్పటికీ కరిజ్మా ఆల్బమ్‌కి బేరమాడి మరీ వేలకి వేలు ఇస్తున్నాం. ఆ ఖర్చుని ఎవరూ మోసం అనలేదు. డిజిటల్ కెమెరా వచ్చి ఫొటో తీసే ఖర్చుని తీసేసింది. ఆ వెనకే వచ్చిన వెబ్‌సైట్లు దాచే ఖర్చు కూడా పోయిందని నమ్మించాయి. తీసే ఖర్చు నిజంగానే పోయింది. దాచే ఖర్చు మాత్రం ఇంకెవరి పద్దులోనో రాసుకుంటూ వచ్చారు.

ఆ పద్దు ఎలా పెరుగుతుందో చూడండి. ఒక పెళ్ళికి ఎనిమిది వందల ఫొటోలు ఎక్కిస్తాం. ఆ వారంలో రెండుసార్లు చూస్తాం, పదిమందికి లింకు పంపుతాం. ఆ తర్వాత వాటి జోలికి ఎవరూ పోరు. కానీ అవి డిస్కుల్లో ఉండాలి, ఒక డిస్కు పాడైనా పోకుండా ఇంకో చోట నకలుండాలి, కొన్నేళ్ళకోసారి ఆ డిస్కులు మార్చాలి, కరెంటు, చల్లదనం అన్నీ ఇరవైనాలుగు గంటలూ సాగాలి. ప్రకటనల మీద బతకాలంటే ఎవరో ఒకరు ఆ పేజీ తెరవాలి. తెరవని ఫొటోకి ప్రకటన ఎక్కడ పెడతారు? పైగా ఎవరూ పాతవి చెరపరు. కొత్తవి మాత్రం వచ్చి పడుతూనే ఉంటాయి. ఈ ఏడాది రాబడితో ఈ ఏడాది ఫొటోలతో పాటు గడిచిన పదేళ్ళ ఫొటోలని కూడా మోయాలి. ఈ లెక్క కంపెనీ పెట్టినవాడికి మొదటిరోజు నుంచే తెలుసు. మనకే తెలియదు.

ఇందులో అందరికంటే మొరటుగా బయటపడింది ఫొటోబకెట్. 2003లో అమెరికాలో మొదలైంది. అప్పట్లో చర్చావేదికల్లో, వేలం సైట్లలో బొమ్మ పెట్టడం అంత తేలిక కాదు. ఈబే లాంటి చోట మొదటి బొమ్మ దాటితే తర్వాతివాటికి కొంత వసూలు చేసేవారు. ఫొటోబకెట్‌లో బొమ్మ ఉచితంగా పెట్టి, దాని లింకు తెచ్చి ఎక్కడ కావాలంటే అక్కడ అతికించుకోవచ్చు. మైస్పేస్ అనే సోషల్ మీడియా సైటు వెలిగిన రోజుల్లో అందరూ అదే పని చేశారు. 2007లో మైస్పేస్ యజమానులైన ఫాక్స్ వాళ్ళే దాన్ని కొనేశారు, పాతిక ముప్పై కోట్ల డాలర్లకి అని అప్పటి వార్తలు. మూడేళ్ళు తిరక్కముందే ఒంటెలా అనే చిన్న కంపెనీ చేతిలో పడింది. బొమ్మ ఫొటోబకెట్ సర్వరు నుంచి వస్తుంది, చూసేవాడు మాత్రం ఇంకెవరి సైట్‌లోనో ఉంటాడు. ప్రకటన డబ్బులు ఆ సైటువాడికి, బొమ్మని నెట్ మీద పంపిన ఖర్చు (బ్యాండ్‌విడ్త్) బిల్లు వీళ్ళకి. ఇది ఎన్నాళ్ళో సాగదని ఎవరైనా చెప్పగలరు.

2017 జూన్ నెలాఖరులో వాళ్ళు షరతులు మార్చారు. బొమ్మలు బయటి సైట్లలో కనపడాలంటే ఏడాదికి 399.99 డాలర్లు కట్టాలన్నారు. అప్పటి మారకంలో పాతికవేల రూపాయల పైమాట. కట్టనివాళ్ళ బొమ్మల స్థానంలో ఒక మీటరు బొమ్మ, "మీ ఖాతాని అప్‌గ్రేడ్ చేసుకోండి" అన్న సందేశం వచ్చాయి. కారు ఇంజను విప్పి బిగించడం అంచెలంచెలుగా ఫొటోలతో చూపించిన చర్చల్లో మాటలు మిగిలాయి, బొమ్మలు పోయాయి. "ఇక్కడ చూపించిన బోల్టుని ముందు వదులు చేయండి" అని ఉంటుంది, కింద మీటరు బొమ్మ ఉంటుంది. అమెజాన్‌లో, ఈబేలో సరుకు అమ్ముకునే చిన్నవాళ్ళ పేజీల్లో సరుకు ఫొటో బదులు అదే. ఆ చర్చలు రాసినవాళ్ళలో కొందరు అప్పటికే ఈ లోకంలో లేరు. వాళ్ళ తరఫున ఎవరు కడతారు పాతికవేలు?

ఆ ధర ఎలా వచ్చిందో నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. దాచే ఖర్చుకీ దానికీ ఏ పొంతనా లేదు. వెళ్ళిపోతే ఎంత నష్టపోతావో లెక్కేసి, ఆ నష్టానికి కట్టిన ధర అది. మామూలు భాషలో దాన్ని తాకట్టు అంటారు. జనం తిట్టిపోశారు. 2018లో కొత్త సీఈఓ వచ్చి ధరలు బాగా తగ్గించి, మాయమైన బొమ్మల్ని తిరిగి కనపడేలా చేశాడు. కానీ ఆ ఏడాది లోపలే వేలమంది వెళ్ళిపోయారు, వేల చర్చలు అలాగే గుడ్డివైపోయాయి.

ఈ కథకి ఇంకో ముక్క ఉంది, అది అంతగా ఎవరికీ తెలియదు. 2024 ఏప్రిల్‌లో రాయిటర్స్ ఒక వార్త రాసింది. కృత్రిమ మేధ నమూనాలకి శిక్షణ ఇవ్వడం కోసం తన దగ్గరున్న 1,300 కోట్ల ఫొటోలు, వీడియోలని అమ్మడానికి ఫొటోబకెట్ పలు కంపెనీలతో మాట్లాడుతోందని. ఫొటోకి 5 సెంట్ల నుంచి ఒక డాలరు దాకా పలుకుతుందని ఆ సీఈఓ చెప్పాడు. మోయలేని బరువు, మీరే డబ్బు కట్టి మోయించుకోండి అన్న గోడౌనే ఏడేళ్ళు తిరిగేసరికి బంగారు గని అయింది. ఆ ఫొటోల్లో ఉన్న మొహాలకి మాత్రం ఒక్క సెంటు కూడా రాదు. "ఊరికే ఏదీ రాదు" అని నాకు చెప్పే బంధువులకి నేను ఈ వార్త పంపుతుంటాను.

మధ్యలో పోయినవాటి గురించి ఎక్కువ చెప్పను. యాహూ ఫొటోస్ 2007లో మూతపడింది. కొడక్ గ్యాలరీ 2009లో ఏడాదికి ఇంత కొంటేనే ఫొటోలు ఉంచుతామని షరతు పెట్టింది, 2012లో మూతపడి షటర్‌ఫ్లై అనే ఇంకో కంపెనీ చేతికి వెళ్ళింది. ఆర్కుట్ 2014 సెప్టెంబరు 30న ఆగిపోయింది. మన ఇంజనీరింగ్ కాలేజీల్లో ఒక తరం ఫేర్‌వెల్ ఫొటోలు అక్కడే ఉండేవి. పికాసా 2016లో పోయింది. అమెరికాలో ఉన్న పిల్లలు మంచులో దిగిన ఫొటోల లింకులు విజయవాడలో, వరంగల్‌లో ఉన్న అమ్మానాన్నలకి మెయిల్ చేసేది అప్పట్లో పికాసా నుంచే. పక్కింటి కుర్రాణ్ణి పిలిచి నెట్ సెంటర్‌లో చూపించమని అడిగిన తల్లిదండ్రులు నాకు తెలుసు. 2008 ప్రాంతాల్లో, తెలుగు బ్లాగులని ఒకచోట చూపించే కూడలి అనే సైటులో కనపడిన బ్లాగులని ఇప్పుడు తెరిచి చూడండి. రాతలు చెక్కుచెదరకుండా ఉంటాయి. నాకిష్టమైన ఒక వంటల బ్లాగులో గోంగూర పచ్చడి చేసే పద్ధతికి ఆవిడ పెట్టిన ఏడెనిమిది బొమ్మల చోట ఇప్పుడు ఖాళీ డబ్బాలే ఉన్నాయి. ఎక్కడో ఒక ఉచిత సైటు మూతపడి ఉంటుంది.

ఫ్లికర్ కథ మాత్రం వేరే, దాని దగ్గర కాస్త ఆగాలి. 2004లో కెనడాలోని వాంకూవర్‌లో స్టువర్ట్ బటర్‌ఫీల్డ్, కాటరీనా ఫేక్ కలిసి మొదలుపెట్టారు. ఏదో ఆన్‌లైన్ ఆట తయారుచేయబోయి అందులోంచి ఫొటోల సైటు తీశారు. 2005లో యాహూ కొంది. అప్పటి పద్ధతి నాకు చాలా నచ్చేది. ఉచిత ఖాతాలో కొత్తవి 200 ఫొటోలే కనపడతాయి, అంతకంటే పాతవి కూడా కనపడాలంటే ఏడాదికి సుమారు పాతిక డాలర్లు. మొదటిరోజే చెప్పారు. ఇష్టమైతే ఉండు, లేకపోతే లేదు. ఫొటోగ్రఫీ మీద ప్రేమ ఉన్నవాళ్ళు కట్టారు, సంతోషంగా కట్టారు.

దాన్ని చెడగొట్టింది ఉచితమే. 2013 మేలో యాహూ సీఈఓ మరిస్సా మేయర్ అందరికీ ఒక టెరాబైట్ (సుమారు వెయ్యి జీబీ) ఉచితం అని ప్రకటించింది. డబ్బు కట్టి ఉన్నవాళ్ళు తెల్లబోయారు. ఫొటోలంటే ఇష్టం లేకపోయినా, ఊరికే వస్తున్న చోటు కదా అని ఫోనులో ఉన్నదంతా గుమ్మరించేవాళ్ళు వచ్చి చేరారు. అదే ఏడాది నవంబరులో ఎవర్‌పిక్స్ అనే చిన్న కంపెనీ మూతపడింది. ఏడాదికి 49 డాలర్లు తీసుకుని ఫొటోలని చక్కగా సర్ది పెట్టేది, వాడినవాళ్ళు ఇప్పటికీ తలుచుకుంటారు. చివరికి అమెజాన్ సర్వర్ల బిల్లు 35,000 డాలర్లు కట్టలేక చేతులెత్తేసింది. ఆ కంపెనీ సొంత పొరపాట్లు కూడా ఉన్నాయిలెండి. అయినా పక్కనే ఒక పెద్ద కంపెనీ టెరాబైట్లు ఊరికే పంచుతుంటే నలభై తొమ్మిది డాలర్లు అడగడం ఎంత కష్టమో ఊహించుకోవచ్చు. ఉచితం వల్ల మొదట నష్టపోయేది నిజాయితీగా ధర చెప్పి బతికేవాడు. వాడు పోయాక, ఉచితం ఇచ్చినవాడు ధర చెప్పే రోజు వస్తుంది. పోల్చి చూసుకోవడానికి పక్కన ఇంకెవడూ ఉండడు.

2018 ఏప్రిల్‌లో ఫ్లికర్‌ని స్మగ్‌మగ్ కొంది. 2002 నుంచి డబ్బు తీసుకునే నడిచిన కుటుంబ కంపెనీ అది. ఆ నవంబరు 1న చెప్పేశారు, ఉచిత ఖాతాకి 1,000 ఫొటోలే అని. అంతకుమించి ఉన్నవాళ్ళు ఏడాదికి యాభై డాలర్లు కట్టి ప్రో తీసుకోవాలి, లేదా తమ ఫొటోలు దించుకోవాలి. లేకపోతే పాతవాటి నుంచి చెరుపుతూ వస్తాం. గడువు మొదట 2019 ఫిబ్రవరి 5, దించుకునేవాళ్ళు ఎక్కువై ఇబ్బంది పడటంతో మార్చి 12 దాకా పొడిగించారు. ఉచిత ఖాతాల్లో 97 శాతానికి పైగా వెయ్యి లోపే ఉన్నాయని వాళ్ళ లెక్క. నాకు ఇందులో నచ్చని సంగతి ఒకటే, పాతవాటి నుంచి చెరపడం. మనిషికి పాత ఫొటోయే కదా ఎక్కువ విలువ.

అయినా వాళ్ళు చేసిన రెండు పనులు మెచ్చుకోవాలి. ఇతరులూ వాడుకోవచ్చని ముందే అనుమతిచ్చే క్రియేటివ్ కామన్స్ లైసెన్సుతో పెట్టిన ఫొటోల జోలికి పోలేదు. వికీపీడియాలో, తెలుగు వికీపీడియాతో సహా, వాడే బొమ్మల్లో ఫ్లికర్ నుంచి వికీమీడియా కామన్స్ అనే వాళ్ళ బొమ్మల భాండాగారానికి చేరినవి చాలా ఉన్నాయి కాబట్టి అది చిన్న విషయం కాదు. చనిపోయినవాళ్ళ ఖాతాలని స్మారక ఖాతాలుగా గుర్తించి, కట్టేవాళ్ళు లేకపోయినా చెరపకుండా ఉంచే ఏర్పాటు చేశారు. 2019 చివర్లో యజమాని డాన్ మకాస్కిల్ బహిరంగంగా ఉత్తరం రాశాడు, ఫ్లికర్ ఇంకా నష్టాల్లోనే ఉంది, చందాదారులు పెరగకపోతే నడపలేం అని. ఇలా కుండబద్దలు కొట్టి చెప్పే యజమానికి నేను డబ్బు ఇస్తాను. ఫొటోబకెట్‌కి ఇవ్వను. తేడా ధరలో లేదని ఇంకా ఎలా చెప్పాలి?

ఇక మనందరి ఇళ్ళకీ సంబంధించినది, గూగుల్ ఫొటోస్. 2015 మే 28న మొదలైంది. ఆ జూలైలో గోదావరి పుష్కరాలు. రాజమండ్రి రేవుల్లో చేతుల్లో ఫోన్లు ఎత్తి పట్టుకున్న జనాన్ని చూసినవాళ్ళకి గుర్తుంటుంది, ఫోను కెమెరా అప్పటికే ప్రతి ఇంటికీ వచ్చేసింది. మరుసటేడు కృష్ణా పుష్కరాలు అయిన రెండు వారాలకే జియో వచ్చింది. ఫోను చవక, డేటా చవక, దాచుకోవడం ఉచితం, ఎంతైనా సరే. పదహారు మెగాపిక్సెళ్ళ లోపు కుదించి పెడతాం, అది చాలు అనుకుంటే పరిమితి లేదు అన్నారు. మా ఇంట్లో అమ్మకి ఫోను కొన్న రోజే బ్యాకప్ ఆన్ చేసి ఇచ్చాం. ఆవిడకి అది ఏమిటో కూడా తెలియదు.

ఆ ఉచితం అర పుష్కరం నడిచింది. 2020 నవంబరు 11న గూగుల్ చెప్పింది, 2021 జూన్ 1 నుంచి ఎక్కించే ప్రతి ఫొటో 15 జీబీ లెక్కలోకి వస్తుందని. అప్పటికి అక్కడ 4 లక్షల కోట్ల ఫొటోలున్నాయి, వారానికి 2,800 కోట్ల కొత్తవి చేరుతున్నాయని వాళ్ళే చెప్పారు. ఆ అంకెలు చూస్తే ఎవరైనా డబ్బు అడగాల్సిందే. ఏడు నెలల ముందు చెప్పారు. పాతవాటిని లెక్కలో కలపలేదు. పద్ధతిగానే చేశారని చాలామంది రాశారు. పద్ధతిగా చేశారన్నది నేనూ ఒప్పుకుంటాను. కానీ రెండు విషయాలు గమనించాలి.

ఒకటి. గూగుల్ ఫొటోస్‌లోని సమాచారాన్ని ప్రకటనలకి వాడబోమని కంపెనీ చెబుతూనే వచ్చింది. ఆ మాట నమ్ముదాం. ప్రకటనలు లేవు, చందా లేదు, దాచే ఖర్చు మాత్రం ఏటా పెరుగుతుంది. మరి రాబడి ఎక్కణ్ణుంచి రావాలి? ఎప్పుడో ఒకప్పుడు మననుంచే రావాలి. 2015లో ఆ వేదిక ఎక్కి "ఇప్పటికి ఉచితం, కొన్నేళ్ళకి ధర పెడతాం" అని ఒక్క వాక్యం అని ఉంటే ఎవరికీ అభ్యంతరం ఉండేది కాదు. ఆ వాక్యం అంటే జనం ఆలోచించుకుంటారు, హార్డ్ డిస్కు కొనుక్కుంటారు, పక్క కంపెనీ ధర అడుగుతారు. అందుకే అనలేదు. యాపిల్ 2011లో ఐక్లౌడ్ మొదలుపెట్టిన రోజు 5 జీబీ ఉచితం అంది, ఇప్పటికీ 5 జీబీయే. పిసినారితనం అని తిట్టుకుంటాం కానీ, ఆశపెట్టి తర్వాత మార్చలేదు.

రెండు. "పాతవి లెక్కలోకి రావు" అన్నది ఔదార్యంగా కనిపిస్తుంది. అదే అసలు కట్టుకొయ్య. 2021 జూన్‌కి ముందు ఎక్కించిన ఆరేళ్ళ ఫొటోలు అక్కడ ఉన్నంతకాలం ఉచితం. తీసుకెళ్ళి ఇంకో చోట పెడితే అక్కడ డబ్బు కట్టాలి. మళ్ళీ వెనక్కి తెచ్చినా లెక్కలోకి వస్తాయి. కాబట్టి ఎవరూ కదలరు. పాతవి అక్కడే ఉన్నాయి కాబట్టి కొత్తవీ అక్కడే పెడతారు, నిండాక నెలకి 130 కట్టి 100 జీబీ తీసుకుంటారు. ఎనభై శాతం పైగా జనానికి 15 జీబీ నిండడానికి దాదాపు మూడేళ్ళు పడుతుందని అప్పట్లో గూగుల్ అంచనా వేసింది. మూడేళ్ళంటే 2024. సరిగ్గా ఆ ఏడాది మొదట్లోనే ఆండ్రాయిడ్‌లో వాట్సాప్ బ్యాకప్ కూడా ఆ 15 జీబీలోకి వచ్చి చేరింది, అంతకుముందు దానికి లెక్క లేదు. మన కుటుంబాల వాట్సాప్ గ్రూపుల సంగతి తెలిసిందే కదా. శుభోదయం బొమ్మలు, సంక్రాంతి ముగ్గులు, ఎవరి గృహప్రవేశం వీడియోనో నాలుగు గ్రూపుల్లో నాలుగు కాపీలు. అన్నీ కలిసి నిండితే ఫొటోలు ఎక్కకపోవడం ఒక్కటే కాదు, జీమెయిల్‌కి ఉత్తరాలు రావడం ఆగిపోతుంది. బ్యాంకు స్టేట్‌మెంటు, కరెంటు బిల్లు, ఇంటర్వ్యూ పిలుపు అన్నీ. అంటే ఫొటోల అద్దె కట్టకపోతే పోస్టుమ్యాన్ రావడం మానేస్తాడు. ఈ రెండింటికీ ముడిపెట్టాలని ఎవరు అడిగారు?

మా గుంటూరు వైపు మిర్చి రైతు కోల్డ్ స్టోరేజీకి వెళ్తే ఏం జరుగుతుందో చెప్తాను. టిక్కీకి, అంటే మిర్చి బస్తాకి, ఇంత అద్దె అని ముందే తెలుసు. ఎన్ని టిక్కీలు పెట్టాడో కాగితం రాసిస్తారు. ధర బాగుందనుకున్నరోజు అద్దె కట్టి సరుకు తీసుకుపోతాడు. పెట్టిన టిక్కీలే బయటికొస్తాయి, మూతి విప్పి కాయలు ఒక చోట, కాడలు ఒక చోట ఇవ్వరు. అక్కడ గొడవలు లేవని కాదు, చాలా ఉన్నాయి. అయినా ధర, రసీదు, తిరిగి తీసుకెళ్ళే హక్కు ముందే తేలుతాయి.

కాయలు, కాడలు అని ఊరికే అనలేదు. గూగుల్ టేకౌట్ అనే సౌకర్యం 2011 నుంచీ ఉంది, మన సమాచారం మనం దించుకోవచ్చు. మంచిదే, చాలా కంపెనీలకి అదీ లేదు. కానీ ఏళ్ళ తరబడి పోగైన ఫొటోలు దించుకుంటే అవి ముక్కలు ముక్కలు జిప్ ఫైళ్ళుగా వస్తాయి. మనం రాసుకున్న వివరణ, సరిచేసుకున్న తేదీ, చోటు ఫొటోలో ఉండవు, పక్కన వేరే చిన్న ఫైలులో ఉంటాయి. వాటిని మళ్ళీ కలపడం తెలిసినవాడికే ఒక పూట పని. మా పిన్నిలాంటి వాళ్ళకి అసలు కుదరదు. తలుపు తెరిచే ఉంది, గడప మాత్రం నడుమెత్తు. గూగుల్ నుంచి నేరుగా ఐక్లౌడ్‌కి పంపే ఏర్పాటు 2024లో వచ్చింది. అదొక మంచి అడుగు, ఆ రెండింటిలో ఒకటి వాడేవాళ్ళకి.

ఇది కంపెనీల మంచితనానికి వదిలే విషయం కాదని యూరప్‌లో ఎప్పుడో గ్రహించారు. 2018 మే నుంచి అమల్లో ఉన్న వాళ్ళ డేటా రక్షణ చట్టం జీడీపీఆర్ 20వ అధికరణం ప్రకారం మన సమాచారాన్ని ఇంకో కంపెనీకి తీసుకెళ్ళే హక్కు ఉంది. మన దేశంలో 2019 నాటి ముసాయిదా బిల్లులో ఆ హక్కు ఉండేది. 2023లో పార్లమెంటు ఆమోదించిన డేటా రక్షణ చట్టంలో అది లేదు. ఎందుకు తీసేశారో పెద్దగా చర్చ కూడా జరగలేదు. నాకు సంబంధించినంతవరకు నెలకి నూట ముప్పై కంటే ఇది పెద్ద వార్త. ఉచితం పోయిన రోజు టీవీల్లో గంటలకి గంటలు మాట్లాడారు, ఈ హక్కు పోయిన రోజు ఎవరూ మాట్లాడలేదు.

ఆ చట్టంలోనే ఒక మంచి సెక్షన్ కూడా ఉంది, 14వది. మనం చనిపోయినా, చేతకాని స్థితిలో పడినా మన సమాచారం మీద మన హక్కుల్ని వాడుకోవడానికి ఒకరిని నామినీగా పెట్టుకునే హక్కు అందులో రాశారు. బ్యాంకు ఖాతాకి పెట్టినట్టే. దీని అవసరం ఏమిటో మన ఇళ్ళల్లో ఎవరైనా పోయినప్పుడు తెలుస్తుంది. పెద్దకర్మ అయ్యాక మొదట ఆపేసేది వాళ్ళ ఫోను నంబరు. రీఛార్జి ఎందుకు దండగ అంటాం. ఆ నంబరుకే ఓటీపీ రావాలి. నంబరు పోతే ఖాతా తెరవలేం. గూగుల్ అయితే రెండేళ్ళపాటు వాడని వ్యక్తిగత ఖాతాల్ని 2023 డిసెంబరు నుంచి తొలగిస్తోంది, ఫొటోలతో సహా. ఫొటోలన్నీ నాన్న ఫోనులోనే ఉన్నాయిలే అనుకున్న కుటుంబానికి రెండేళ్ళు గడువు ఉందని కూడా తెలియదు. గూగుల్‌లోనే ఇనాక్టివ్ అకౌంట్ మేనేజర్ అని ఒక సెట్టింగు ఉంది, ఇంతకాలం వాడకపోతే ఫలానా వాళ్ళకి నా ఫొటోలు ఇవ్వండి అని ముందే రాసిపెట్టొచ్చు. పది నిమిషాల పని. పెద్దవాళ్ళ దగ్గర కూర్చుని ఆ మాట ఎత్తడమే కష్టం.

నేను కడుతున్నాను. ఏడాదికి ఒకసారి కడతాను, గొణుక్కోకుండా కడతాను. దానితోపాటు ఇంట్లో ఒక హార్డ్ డిస్కు ఉంది, ప్రతి పండక్కీ ఫోనుల్లోంచి నేరుగా అందులోకి ఎక్కిస్తాను. అక్కా వాళ్ళు డల్లాస్ నుంచి వచ్చినప్పుడు ఇంకో కాపీ పట్టుకెళ్తారు. మా మేనల్లుడు ఇమ్మిచ్ అని ఒక ఉచిత సాఫ్ట్‌వేర్ పెట్టి ఇంట్లోనే సొంత గూగుల్ ఫొటోస్ లాంటిది నడుపుతున్నాడు. బాగానే ఉంది, కానీ వాడు హాస్టల్‌కి వెళ్తే దాన్ని చూసేవాళ్ళు లేరు. కాబట్టి అందరికీ అది చెప్పను.

ఇదంతా ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, మళ్ళీ ఉచితాల కాలం వచ్చింది. 2025 మేలో ఎయిర్‌టెల్ తన పోస్ట్‌పెయిడ్, వైఫై వినియోగదారులకి గూగుల్ వన్ 100 జీబీ ఆరు నెలలు ఉచితం అంది. ఆ తర్వాత నెలకి 125 రూపాయలు బిల్లులో కలుస్తాయి, వద్దంటే మానుకోవచ్చు అని అప్పుడే చెప్పారు. నా కొలతలో ఇది 2015 నాటి గూగుల్ కంటే నయం, ధర మొదటే చెప్పారు. అక్టోబరు చివర్లో జియో ఇంకా పెద్దది తెచ్చింది. గూగుల్ వాళ్ళ ఏఐ చందా జెమిని ప్రో పద్దెనిమిది నెలలు ఉచితం, 35,100 రూపాయల విలువ, అందులో 2 టీబీ నిల్వ కూడా. నెలకి లెక్కేస్తే 1,950. రెండు టీబీ ఉంది కదా అని బ్యాకప్ ఆన్ చేసి, వీడియోలు కూడా పూర్తి సైజులో ఎక్కించేవాళ్ళని మా చుట్టాల్లోనే ముగ్గురిని చూశాను. మొదట్లోనే తీసుకున్నవాళ్ళకి పద్దెనిమిది నెలలు 2027 వేసవికి అయిపోతాయి. ఆ ఏడాదే మళ్ళీ గోదావరి పుష్కరాలు. అందరూ ఫోన్లు ఎత్తి పట్టుకునే సమయానికి, 15 జీబీ ఖాతాలో కొన్ని వందల జీబీలు ఉంటాయి. అప్పుడు ధర చెబుతారు.

మా బావమరిదికి ఇదే చెప్పాను. ఆఫరు తీసుకో, ఏఐ వాడుకో, పిల్లాడి హోంవర్కుకి పనికొస్తుంది, ఫొటోల బ్యాకప్ మాత్రం దానికి తగిలించకు అని. తగిలించి ఉంటే, ఆ రెండు టీబీలకి పట్టే డిస్కు ఒకటి ఇప్పుడే కొనిపెట్టుకో అన్నాను. డిస్కు ధర ఎంతో కనుక్కుని చెప్తానన్నాడు, ఇంకా చెప్పలేదు.